బావ కారుకు బిగించిన తాళం

మా బావకు కాలు ఒకచోట నిలవదు. తాళాల కొట్టులో ఆయన కోసం ఒక స్టూలు ఉంది గానీ, దాని మీద ఎప్పుడూ తుప్పు పట్టిన తాళాల డబ్బా కూర్చుని ఉంటుంది, ఆయన కాదు. చేతిలో ఆకురాయి పట్టుకుని వీధి మలుపు దాకా వెళతాడు, ఎందుకొచ్చానా అని అక్కడ తల గోక్కుంటాడు, తిరిగొస్తాడు. పక్కదే నా జిరాక్సు షాపు. మధ్య ఉన్నది రేకు గోడ కనుక ఆయన చెప్పుల చప్పుడు పొద్దస్తమానం నా చెవిలోనే. ఇరవై రెండేళ్లుగా మా అక్కకు మొగుడు, పన్నెండేళ్లుగా నాకు పక్క కొట్టువాడు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ కష్టమో అక్కా నేనూ ఇంకా తేల్చుకోలేదు.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఆయన ముట్టుకుంటే తెరుచుకోని తాళం నేను చూడలేదు. ఊళ్లో సగం ఇళ్ల తాళంచెవులు ఆయన మిషను మీద అరిగినవే. అలాంటివాణ్ణి జనం గుమ్మం దాకా ఎందుకు రానిస్తారంటే, ఆయన దగ్గరున్న నీలం అట్ట పుస్తకాన్ని చూసి. ఎవరు ఏ తాళం తీయమన్నా ముందు కాగితం చూపించాలి. తర్వాత ఆ పుస్తకంలో తాళం ఎవరిదో, ఎవరు తీయమన్నారో రాసి సంతకం చేయాలి. అప్పుడు గానీ బావ సంచీలో చెయ్యి పెట్టడు. ఒకసారి మా అక్క తాళంచెవి లోపలే మరిచిపోయి తలుపు లాగేసింది. పరుగున వెళ్లిన బావ సొంత పెళ్లాన్ని కూడా మెట్ల మీద కూర్చోబెట్టి సంతకం పెట్టించుకున్నాడు. "కాగితం అడగలేదు, అదే పదివేలు" అని అక్క నెల రోజులు దెప్పింది.

మూడేళ్ల కిందట ఊరి చివర పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేచాయి. అక్కడి నుంచి బావకు రోజూ నాలుగైదు పిలుపులు. అంత బరువు మిషనును ఆటోలో వేసుకుని తిరగలేక నెలవాయిదాల మీద కారు కొన్నాడు. దరఖాస్తు నా షాపులోనే నింపాం. ఆ వారం ఆయన ఫోను రిపేరులో ఉండటంతో నా షాపు నంబరు రాశాం. ఆ ఒక్క గడి నన్ను ఎంత అబద్ధాలకోరును చేస్తుందో అప్పుడు నాకు తెలియదు.

కారు ఆయన పనికోసం కొన్నదే అయినా, దాన్ని ప్రేమించింది మా అక్క. నలభై ఒకటో ఏట డ్రైవింగు నేర్చుకుంది. మనిషి పొట్టి. సీట్లో కూర్చుంటే రోడ్డు బదులు స్టీరింగే కనబడేది. పాత కర్టెను చించి, దూది కూరి, మందపాటి దిండు ఒకటి కుట్టుకుంది. వారమంతా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసే మనిషి ఆదివారం ఆ దిండు మీద కూర్చుని ఊరంతా నడిపేది. "కూర్చుని ఊరు చూడటం ఇదే మొదలురా" అనేది నాతో. పక్క సీట్లో బావ. ఆయన్ని కదలకుండా కూర్చుని ఉండగా నేను చూసింది ఆ గంటా గంటన్నరే. అక్క డ్రైవింగుకు భయపడి బిగుసుకుపోయాడని వేళాకోళం చేసేవాణ్ణి. భయం కాదు, ఆయనకు అక్కడ హాయిగా ఉండేది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడు. ఆ అపార్టుమెంట్ల వాళ్లు ఒకరిని చూసి ఒకరు, వేలు పెడితే తెరుచుకునే తలుపులు పెట్టించుకున్నారు. తాళంచెవికి నకలు తీయగలడు గానీ వేలికి తీయలేడు కదా. పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. అద్దె ఎక్కువైందని అంతకు ముందే చిన్న ఇంటికి మారారు. అయినా ఒక నెల వాయిదా తప్పింది. దాని వెనకే రెండోది, మూడోది, నాలుగోది. ఈ సంగతి అక్కకు తెలియదు. ఫైనాన్సు ఆఫీసుకు తెలుసు, నాకు తెలుసు.

ఎందుకంటే ఫోను నాకే వచ్చేది. అవతల ఒక అమ్మాయి, తేనె పూసిన గొంతు. "సార్ ఉన్నారా అండీ?" అనేది. "బయటికి వెళ్లారమ్మా" అనేవాణ్ణి. ఒకరోజు ఆ అమ్మాయికీ విసుగొచ్చింది.

"సార్ ఎప్పుడు చూసినా బయటే ఉంటారా అండీ?"

"ఆయన కాలు ఒకచోట నిలవదమ్మా" అన్నాను. నాలుగు నెలల్లో ఆ అమ్మాయితో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఫోన్లు ఆగిపోయిన వారం మాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. ఫోన్లు ఆగాయంటే మనుషులు బయలుదేరారన్నమాట. చేసిన పాపం చెబితే పోతుందంటారు గనుక చెబుతున్నాను, కారు దాచమని సలహా ఇచ్చింది నేనే. కాగితం మీదున్న ఇల్లు వీళ్లు ఖాళీ చేసింది. కారును రోజుకో చోట పెడితే ఎవడు పట్టుకుంటాడన్నాను. వసూలు మనుషులూ మనుషులే, ఒంటిగంటకు అన్నం తింటారు, ఆ వేళకు చోటు మార్చేద్దామని కూడా నేనే అన్నాను. మర్నాడు ఒంటిగంటకు బావ కొట్టుకు సగం షట్టరు దించి నా వంక చూశాడు.

అలా మొదలైంది. ఒకరోజు ఆస్పత్రి వెనక, ఒకరోజు టైర్ల దుకాణం పక్క సందులో, ఒకరోజు లైబ్రరీ గోడ నీడన. అక్క కట్టిచ్చిన డబ్బాలో అన్నం బావ స్టీరింగు ముందే తినేవాడు, ఒక కన్ను అద్దంలో, ఒక కన్ను మెతుకుల మీద. నేను పక్క సీట్లో కూర్చుని ఎదురొచ్చే ప్రతి మోటారుసైకిలునూ అనుమానించేవాణ్ణి. ఇంట్లో మాత్రం కారు మెకానిక్ షెడ్డులో ఉంది, ఏదో భాగం రావాలట. "ఆ భాగం ఏ దేశం నుంచి నడుచుకుంటూ వస్తోందండీ?" అని అక్క రోజూ అడిగేది. బావ అప్పటికే నిలకడ లేని మనిషి, ఇప్పుడు మరీ కాలు కాలిన పిల్లిలా తయారయ్యాడు. అన్నం మధ్యలో లేచేవాడు. తాళంచెవి కోస్తూ కోస్తూ మిషను ఆపి, వీధిలోకి వచ్చి రెండువైపులా చూసి పోయేవాడు. ఆయన చెప్పుల చప్పుడుకు నాకు కాగితాల లెక్క తప్పేది.

పదో రోజున కారుకు తాళం చేశాడు. స్టీరింగునూ బ్రేకు పెడలునూ కలిపి పట్టే బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ, దాని మధ్య ఆయన మూడు రోజులు కూర్చుని, అంటే తిరుగుతూ తిరుగుతూ, చేసిన తాళం. చక్రాలు అడ్డంగా తిప్పి దాన్ని బిగిస్తే కారును నెట్టలేరు, లాగలేరు. "దీన్ని తీయగలిగినవాడు ఈ ఊళ్లో ఒక్కడేరా" అన్నాడు. ఆ నెలలో ఆయన నవ్వగా చూసింది అప్పుడే.

"ఎందుకు బావా ఈ తిప్పలు? పీడా పోయె, ఇచ్చెయ్యరాదూ?" అని ఒకరోజు అడిగేశాను. సలహా ఇచ్చినవాణ్ణి నేనే అయినా నాకూ ఓపిక అయిపోయింది.

కారు ఆస్పత్రి వెనక ఆగి ఉంది. "నీకు హెల్మెట్ తెలుసుగా" అన్నాడు బావ.

తెలుసు. వాయిదాలు కట్టని బళ్లను లాక్కెళ్లే మనిషి. జనం ఏం విసురుతారోనని నడిచేటప్పుడు కూడా హెల్మెట్ తీయడు, అందుకే ఆ పేరు. తాళం వేసిన బళ్లు దొరికినప్పుడు బావనే పిలిచేవాడు. బావ కాగితం చూసి, పుస్తకంలో రాయించి, తాళం తీసి వచ్చేవాడు. ఫైనాన్సు కాగితం కూడా కాగితమే.

"పోయినేడు ఒక నర్సు కారు తీశాను. ఆమె డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడింది. ఒక్క మాటా అనలేదు. నేనే ఊరుకోకుండా, తాళంచెవి ముందే ఇచ్చేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా అన్నాను." బావ డబ్బా మూత పెట్టి మళ్లీ తీశాడు. "ఆ మాట ఇప్పుడు నాకు గొంతులో అడ్డం పడుతోందిరా. పైగా మన పని ఎలాంటిది? బండి దాచుకుని తిరుగుతున్నాడని తెలిస్తే రేపు నన్నెవరు ఇంట్లోకి రానిస్తారు? ఈ వేళ్లకున్న పేరొక్కటే నా ఆస్తి. అది పోతే మీ అక్క ఇస్త్రీ పెట్టె మీదే బతకాలి."

"మరి అక్కకు చెప్పు."

"చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు.

అనుకున్నంతా అయింది, కాకపోతే మేం అనుకున్న దారిలో కాలేదు. నలభై ఒకటో రోజున కారులో పెట్రోలు అయిపోయింది. పనికి వాడినప్పటికంటే దాచడానికే ఎక్కువ తాగిందది. ఇద్దరం చెమటలు కక్కుతూ నెట్టుకెళ్లి, మూతబడిన ప్రింటింగు ప్రెస్సు వెనకున్న షెడ్డులో పెట్టాం. సందు ఎంత ఇరుకంటే తలుపు తీసుకుని దిగడానికి బావ పొట్ట బిగపట్టాడు. చక్రాలు తిప్పి, కడ్డీ బిగించి, తాళం వేశాడు. రెండు రోజులు ఊపిరి పీల్చుకుందామన్నాను నేను. రెండు రోజులూ ఒంటిగంటకు వెళ్లి, అది అక్కడే ఉందో లేదో చూసి వచ్చాం.

రెండో రోజు చూసి వచ్చిన రెండు గంటల తర్వాత బావ ఫోను మోగింది. ఆయన స్పీకరు పెట్టే మాట్లాడతాడు గనుక రేకు గోడ అవతల నుంచి నాకు అన్నీ వినబడుతున్నాయి.

"మేస్త్రీ, నేను హెల్మెట్‌ని. ఒక బండి దొరికింది. పాత ప్రెస్సు వెనక. వాచ్‌మన్ చెప్పాడు. క్రేను లోపలికి రావటంలేదు, చక్రాలు తిప్పేసి ఏదో కడ్డీ బిగించాడు మహానుభావుడు. ఇద్దరు తాళాలవాళ్లను తెచ్చా. ఇద్దరూ చేతులెత్తేశారు. చూస్తే మీ చేతి పనిలా ఉందన్నారు. ఎవడికి చేసిచ్చారో ఏమో! కోయిద్దామంటే స్టీరింగు పాడవుతుంది, ఆఫీసు ఒప్పుకోదు. ఒక్కసారి రావాలి."

అవతల చెప్పుల చప్పుడు ఆగిపోయింది. పన్నెండేళ్లలో ఆ గోడ వెనక అంత నిశ్శబ్దం నేను వినలేదు.

"వస్తున్నా" అన్నాడు బావ.

షాపు వదిలేసి వెంటపడ్డాను. ఆయన సంచీ భుజాన వేసుకుని నడుస్తున్నాడు, నేను పక్కన పరుగెత్తుతున్నాను. "బావా, నీ పేరు తెలియదు వాడికి. ఫోనులో కూడా తాళాల మేస్త్రి అనే ఉంటుంది. కాగితం మీదున్న నంబరు నాది. ఇది నావల్ల కాదని చెప్పెయ్. సాయంత్రానికి పెట్రోలు నేను తెస్తా, రేపటికల్లా ఇంకోచోట ఉంటుంది." ఆయన మలుపు దగ్గర ఆగాడు, వెనక్కి నాలుగు అడుగులు వేశాడు, మళ్లీ ముందుకు తిరిగాడు. బూటు లేసు కట్టుకునేవాడిలా వంగి, కాళ్లకున్నవి చెప్పులని చూసుకుని లేచాడు. రెండు రోజులుగా నడుస్తున్న దారే, కానీ ఎప్పుడూ మాకు అది అంత పొడుగ్గా లేదు.

షెడ్డు దగ్గర హెల్మెట్, అతని కుర్రాళ్లిద్దరూ, వాచ్‌మనూ ఉన్నారు. "రండి మేస్త్రీ! మీరు రాకపోతే ఈ పూట ఇక్కడే కాపురం పెట్టేవాళ్లం" అన్నాడు హెల్మెట్. బావ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, వంగి అద్దంలోంచి లోపలికి చూశాడు. డ్రైవరు సీట్లో అక్క దిండు. నలభై రోజులుగా దాని మీదే కూర్చున్నాడు కాబట్టి అది బాగా అణిగిపోయింది.

"ఏమంటారు, వస్తుందా?" అన్నాడు హెల్మెట్.

నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. బావ నావైపు చూడలేదు.

"కాగితం" అన్నాడు.

హెల్మెట్ నవ్వాడు. "మీ చాదస్తం మీదే" అంటూ ఫైలు ఇచ్చాడు. బావ దాన్ని మామూలుగా ఎలా చదువుతాడో అలాగే, పెదవులు కదుపుతూ, పైనుంచి కిందిదాకా చదివాడు. కారు బానెట్ మీద నీలం పుస్తకం తెరిచాడు. ఎవరు తీయమన్నారో హెల్మెట్ చేత రాయించి సంతకం పెట్టించుకున్నాడు. తాళం ఎవరిదన్న చోట తనే రాశాడు. ఇంటిపేరుతో సహా తన పేరు రాసి, కింద సంతకం చేసి, పుస్తకాన్ని హెల్మెట్ వైపు తిప్పాడు.

తర్వాత సంచీ ముట్టుకోలేదు. చొక్కా జేబులోంచి తాళంచెవులు తీశాడు. తలుపు తీశాడు, కడ్డీ తాళం తిప్పాడు. ఇద్దరు పనివాళ్లు అంతసేపూ తంటాలు పడ్డ తాళం టక్కున ఊడింది.

హెల్మెట్ పుస్తకంలో పేరు చూశాడు, ఫైల్లో పేరు చూశాడు, మళ్లీ పుస్తకం చూశాడు. మెల్లగా హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. లోపల బట్టతల, చెవుల పక్క చెమట. మాకంటే పెద్దవాడని అప్పుడే తెలిసింది నాకు.

"రాదు, నావల్ల కాదు అని ఉంటే నేను నమ్మేవాణ్ణి మేస్త్రీ" అన్నాడు.

"నమ్ముతారనే చెప్పలేకపోయాను."

"నేను ఎవరికీ చెప్పనులెండి."

"పుస్తకంలో ఉందిగా. అడిగినవాళ్లకు నేనే చూపిస్తాను." బావ కారుదీ కడ్డీదీ రెండు తాళంచెవులూ అతని చేతిలో పెట్టాడు. "నాకు రావలసింది ఇప్పించండి." హెల్మెట్ తడబడుతూ ఎప్పుడూ ఇచ్చే కూలి ఇచ్చాడు. బావ తీసుకున్నాడు. పనిచేశాడు, తీసుకున్నాడు, అందులో నాకేమీ తప్పు కనబడలేదు. సీట్లో ఉన్న దిండు తీసి దుమ్ము దులిపి చంకలో పెట్టుకున్నాడు. కుర్రాళ్లు కారును సందులోంచి వెనక్కి నెడుతుంటే, అద్దం గోడకు రాసుకోకుండా "కుడికి, కుడికి తిప్పండి" అని తనే చెప్పాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఇంటికి వెళ్లేసరికి అక్క అప్పుడే లాండ్రీ నుంచి వచ్చి, బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుంది. బావ చంకలోని దిండు చూసింది. మొహంలోకి చూసింది.

"కారేదండీ?"

బావ చెప్పాడు. అపార్టుమెంట్ల తలుపుల దగ్గర మొదలుపెట్టి నీలం పుస్తకం దాకా, ఒక్కటీ దాచకుండా, గుమ్మంలో నిలబడే చెప్పాడు. మెకానిక్ షెడ్డు అబద్ధమని చెప్పాడు. దాచమన్న సలహా నాదని మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పుకున్నాను. ఇక పిడుగు పడుతుందని ఇద్దరం తల వంచుకుని నిలబడ్డాం. అక్క కోపం మాకు కొత్త కాదు. నాలుగు వాయిదాల గురించి, దాచిపెట్టినందుకు, పరువు గురించి ఏమన్నా పడదామనే అనుకున్నాం. ఆమె వాటి జోలికే పోలేదు.

"ఎన్ని రోజులు తిప్పారు?"

"నలభై మూడు. చివరి రెండు రోజులూ నడిచే వెళ్లాం."

"మా లాండ్రీ ముందునుంచి కూడా వెళ్లారా?"

"మూడు నాలుగుసార్లు వెళ్లాం అక్కా" అన్నాను నేను.

అక్క బకెట్లో నీళ్ల వంకే చూస్తూ అంది. "ఒంటిగంటకు మాకూ అన్నం బెల్లే. గోడకు ఆనుకుని నిలబడి తింటాను, అక్కడ కూర్చోవడానికి చోటుండదు. కారు ఎలాగూ పోయేదే, మీకు తెలుసు. నలభై రోజులు వీణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పారు. నా దిండు సీట్లోనే ఉంది. ఒక్కరోజు ఆగి, రావే, ఆఖరుసారి నువ్వు నడుపు అని పిలవాలనిపించలేదా మీకు?"

బావ దిండు తెచ్చి అక్క వీపు వెనక సర్దాడు. ఆమె వద్దనలేదు, ఇటు తిరగనూ లేదు, కళ్లు తుడుచుకుంది. ఆయన ఆ బకెట్ పక్కనే నేల మీద కూర్చున్నాడు. నీళ్లు చల్లారిపోయాయి, బయట చీకటి పడింది, నేను లేచి లైటు వేశాను. అప్పటికీ మా బావ అక్కడి నుంచి కదల్లేదు.